ట్రొలోప్ పేజీల పద్దు

మూడ్ రాలేదు. ఇంటికి చుట్టాలొచ్చారు. ఆఫీసులో ఆడిట్. మొదటి వాక్యం కుదరడం లేదు. దీపావళి సంచికకు కథ అడిగిన ఏ సంపాదకుణ్ణి కదిపినా ఇలాంటివి ఇంకో పాతిక చెబుతాడు. వీటిలో చాలా సాకులు నిజాయితీగానే చెప్పుకోగలిగిన మనిషి ఆంథొనీ ట్రొలోప్. బ్రిటిష్ తపాలా శాఖలో ఉద్యోగి, ఆ పని మీద ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగినవాడు. అయినా 47 నవలలు రాశాడు. మొదటిది వచ్చింది 1847లో, ఉద్యోగం మానింది 1867లో. ఆయన పేరు నిలబెట్టిన బార్సెట్‌షైర్ నవలలు ఆరూ కొలువులో ఉండగా రాసినవే.

ఆయన పోయిన మరుసటి ఏడు, 1883లో, ఆత్మకథ వెలువడింది. ఎలా రాసేవాడో, దేనికి ఎంత డబ్బు వచ్చిందో అందులో దాచకుండా చెప్పేశాడు. అది చదివి ముఖం చిట్లించినవాళ్లున్నారు. సాహిత్యాన్ని గుమాస్తా పని చేశాడన్నది వాళ్ల బాధ. నాకైతే ఆ పద్ధతిలోనే పెద్ద పనితనం కనిపిస్తుంది.

కొత్త నవల మొదలుపెట్టే ముందు ఆయన ఒక డైరీ సిద్ధం చేసుకునేవాడు. పుస్తకానికి ఎంత గడువు అనుకున్నాడో ఆ కాలాన్ని వారాలుగా విడగొట్టి, ఏ రోజు ఎన్ని పేజీలు రాస్తే అన్నీ అందులో వేసుకునేవాడు. రాయని రోజూ అందులో ఉంటుంది, ఎదురుగా నిలబడి నిలదీస్తూ. మరి పేజీ అంటే ఎంత? అక్షరాలు పెద్దవి చేసి, మార్జిన్ వెడల్పుగా వదిలి తనను తానే మోసం చేసుకోవచ్చు కదా! ఆ దారి కూడా మూసేశాడు. పేజీకి 250 పదాలని ఖాయం చేసుకుని, పదాలు లెక్కపెడుతూ రాశాడు. వారానికి సగటున 40 పేజీలు. తపాలా పని ముమ్మరంగా ఉన్నా, పుస్తకానికి తొందర లేకపోయినా 20కి దించుకున్నాడు. అవసరమైనప్పుడు 112 దాకా పెంచాడు.

ఇక గడియారం సంగతి. లండన్‌కు ఉత్తరాన వాల్థమ్ క్రాస్‌లో కాపురమున్న రోజుల్లో పొద్దున్నే అయిదున్నరకు బల్ల ముందుండేవాడు. గుర్రాల పని చూసే ముసలి నౌకరు కాఫీ తెచ్చి లేపాలి. అందుకు అతనికి ఏడాదికి 5 పౌన్లు అదనం. అన్నేళ్లలో అతను ఒక్కనాడూ ఆలస్యం చేయలేదట. తన విజయానికి ఇంకెవరికన్నా అతనికే ఎక్కువ రుణపడ్డానేమో అంటాడు ట్రొలోప్. పని మూడు గంటలు. ఎదురుగా వాచీ పెట్టుకుని, పావుగంటకు 250 పదాలు.

అందరూ ఎత్తి చూపేది ఈ వాచీనే. కానీ ఆ మూడు గంటల్లో మొదటి అరగంట ఆయన కొత్తగా ఏమీ రాయడు. నిన్న రాసింది చదువుకుంటాడు. ముఖ్యంగా మాటల చప్పుడును చెవితో తూచుకుంటాడు. వాయిదా వేసేవాణ్ణి భయపెట్టేది తెల్ల కాగితం. ఈయన ముందు పొద్దున్నే ఉండేది తెల్ల కాగితం కాదు, తన చేతిరాతే. చదువుతూ చదువుతూ ఆ గొంతు చెవిలో పడ్డాక కలం కదలడానికి వేరే ప్రేరణ అక్కర్లేదు.

రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. మిగిలిన రెండున్నర గంటల్లో, పావుగంటకు 250 చొప్పున, రోజుకు 2,500 పదాలు. వారానికి 40 పేజీలంటే 10,000 పదాలు. అంటే నాలుగు ఉదయాలు సరిపోతాయి. అంత కఠినంగా కనిపించే మనిషి ఏడు రోజుల్లో మూడు రోజులు చేతిలో ఉంచుకునేలా లెక్క వేసుకున్నాడన్నమాట. జ్వరానికీ, చుట్టాలకీ, వేటకీ అందులో చోటుంది. (వేటంటే ఆయనకు ప్రాణం.) రోజుకింత అని ఒట్టు పెట్టుకున్నవాడు ఒక రోజు తప్పగానే మొత్తం వదిలేస్తాడు. వారం లెక్క పెట్టుకున్నవాడికి సర్దుకునే వీలుంటుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చిందీ ఇదే.

చోటు కుదరలేదన్న సాకునూ మిగల్చలేదు. రైల్లో రాసుకోవడానికి ఒక చిన్న పలక చేయించుకుని, పెన్సిలుతో రాసేవాడు. తర్వాత భార్య శుభ్రంగా తిరగరాసేది. ‘బార్చెస్టర్ టవర్స్’ (1857) చాలా భాగం అలా తయారైందే. తోటి ప్రయాణికుల ముందు రచయితనని చాటుకుంటున్నట్టు ఉంటుందని మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత అలవాటైపోయింది. తపాలా ఒప్పందం పని మీద ఈజిప్టు వెళ్తూ ఓడలో ‘డాక్టర్ థార్న్’ రాస్తున్నప్పుడు, సముద్రం పడక కాగితాలు బల్ల మీదే వదిలి వాంతికి పరిగెత్తిన సందర్భాలున్నాయి. ఈజిప్టులో ఆ నవల ముగించి, మర్నాడే ‘ది బెర్‌ట్రమ్స్’ మొదలుపెట్టాడు. తల్లి ఫ్రాన్సెస్ ట్రొలోప్ తెల్లవారుజామున నాలుగింటికే బల్ల ముందు కూర్చునేదట. ఇంట్లో రోగులకు సేవ చేస్తూ నవలలు రాసింది ఆవిడ. కొడుక్కి చిన్నప్పటి నుంచీ కళ్ల ముందున్న మనిషి ఆమే.

ఇందులో లోపం లేదా అంటే ఉంది. 47 నవలల్లో నీరసమైనవీ ఉన్నాయి. కవికి ఈ లెక్కలు పనికిరావు. పైగా పనివాళ్లూ, తిరగరాసిపెట్టే భార్యా ఉన్న ఇల్లు అది. వంటా, పిల్లల బడీ చూసుకుంటూ రాసే మన రచయిత్రులకు అయిదున్నర కాఫీ ఎవరిస్తారు? ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోవాలి. పెన్ను కొరుకుతూ గోడ చూస్తూ కూర్చోకూడదన్న ఈ మనిషి, బల్ల దగ్గర లేని వేళల్లో తన పాత్రలతోనే బతికేవాడు. ఆలోచన ముందే నలిగి ఉండేది కాబట్టే పావుగంటలు నిండేవి.

ఆ ఆత్మకథ కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, ఉచితంగానే దొరుకుతుంది. డైరీ సంగతి ఏడో అధ్యాయంలో, వాచీ సంగతి పదిహేనో అధ్యాయంలో ఉన్నాయి. కథ బాకీ ఉన్నవాళ్లు ముందు కథ పంపించి, తర్వాత చదవండి.