పూడ్చినంతనే చాలునా?

కొండలపై గుడారములు వేసికొని రాత్రి గడుపువారికి కరదీపికలు చెప్పు నియమము ఒకటి కలదు: నీటికి 60 మీటర్ల దూరమున, 15 నుండి 20 సెంటీమీటర్ల లోతు గుంట త్రవ్వి, మలమును పూడ్చవలెను. పైమట్టిలోని సూక్ష్మజీవులు దానిని క్రమముగా కుళ్ళించును. మట్టి రోగక్రిములను చాలవరకు వడకట్టును. జనసంచారము తక్కువగానున్న అడవికి ఈ నియమము తగినదే.

వికారాబాదు చెంతనున్న అనంతగిరికి మాత్రము ఇది చాలదు. సెలవుదినములలో వచ్చువారు అనేకులు. గుడారములకు అనువగు చదును నేల కొంచెమే. ఒకరు పూడ్చినచోటనే మరియొకరు త్రవ్వుదురు. వానకాలమున కొండవాలు నీరు పైమట్టిని కోసి వాగులలో కలుపును. మూసీనది ఈ కొండలలోనే పుట్టుచున్నది. 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగరు ఆ నదిపైనిదే.

అదే నియమమును తాండూరు బండనేలపై పాటించినచో చిక్కు వేరు. అచ్చటి నాపరాయి సున్నపురాతి జాతిది. మట్టి పలుచగానున్నచోట మురికినీరు బండల నెఱ్ఱెలగుండ వడకట్టబడకయే బావులను చేరగలదు.

ఎందరు, ఎట్టి నేలపై అను రెండు ప్రశ్నలను ఆ నియమము అడుగదు. అదియే దాని లోపము. జనము చేరు విడుదులలో, వాగులకు దూరముగా, రెండు గుంటల మరుగుదొడ్డి కావలెను. నిండిన గుంటను రెండేండ్లు మూసియుంచినచో మలము ఎరువగును. బండనేలపై నీరింకని తొట్టి కట్టవలెను.