కెర్నెల్, ఆపరేటింగ్ సిస్టమ్: ‘తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్’ అనే వ్యవహారంపై ఒక పరిశీలన

‘స్వేచ్ఛ’ను తొలి తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌గా పేర్కొంటారు. దానికి ఆధారం 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కెర్నెల్ కనుక ఆ పేరు అతిశయోక్తి అనడం కెర్నెల్‌నే వ్యవస్థగా భావించడమవుతుంది. మెమరీని, ప్రాసెసర్ సమయాన్ని, పరికరాలను పంచే కెర్నెల్‌కు తెలుగుతో నేరుగా సంబంధం లేదు. ఫాంటు, కీబోర్డు అమరిక, మెనూల అనువాదం దానికి వెలుపలివి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూను విస్మరించి మొత్తాన్ని ‘లినక్స్’ అనడంలోనూ ఇదే లోపం. ప్రకాశం బ్యారేజీ కృష్ణా జలాలను మళ్లిస్తుంది. పొలాలకు చేర్చేవి కాలువలు. బ్యారేజీ ఒక్కటే డెల్టా కాదు. అయితే కాలువ తవ్వినవారు బ్యారేజీని తామే కట్టామనడమూ తగదు. ‘తెలుగులో వినియోగించదగిన గ్నూ/లినక్స్ వ్యవస్థ’ అన్నప్పుడే అనువాదకుల శ్రమకూ మూలకర్తల శ్రమకూ సమన్యాయం జరుగుతుంది.