ఎవరి పాఠం? ఎవరికి భద్రం?

కొన్నేళ్ళ కిందట డిగ్రీ క్లాసులో నేరస్థ తెగల చట్టం గురించి పాఠం చెబుతూ, మన నెల్లూరు తీరంలోని యానాదులను ఉదాహరణగా తీసుకున్నాను. ఆ చట్టం 1952లో రద్దయిందనీ, అది ఎంత అన్యాయమైనదో కూడా చెప్పాను. చివరి బెంచీలో ఒకమ్మాయి తల దించుకుంది. పక్కవాళ్ళు ఆమె వైపు చూశారు. నా పాఠంలో తప్పేమీ లేదనే అనుకున్నాను. కానీ ఆ గంటసేపు ఆమె విద్యార్థినిగా లేదు, నా ఉదాహరణగా మిగిలిపోయింది.

ఆ పాఠానికి నేను తిరగేసిన పుస్తకాలు రెండు. ఒకటి 1909లో వచ్చిన థర్‌స్టన్ ‘దక్షిణ భారతదేశపు కులాలు, తెగలు’. మనుషుల తలలు, ముక్కులు కొలిచి జాతుల్ని నిర్ణయించిన రోజులవి. రెండోది వెన్నెలకంటి రాఘవయ్య ‘ది యానాదీస్’, 1962. ఆయన వాళ్ళ హక్కుల కోసం పనిచేసిన మనిషి. ఇద్దరి దృష్టికీ చాలా తేడా ఉంది. అయినా రెండూ యానాదుల గురించి బయటివాళ్ళు రాసినవే.

న్యూజిలాండ్‌లో ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు ‘సాంస్కృతిక భద్రత’ అనే ఆలోచనను నర్సుల చదువులోకి తెచ్చింది. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దాన్ని తప్పనిసరి చేసింది. ఆమె అన్నది చాలా సూటి మాట: సేవ భద్రంగా ఉందో లేదో తేల్చాల్సింది దాన్ని అందుకున్నవాళ్ళే. పాఠానికీ ఇదే వర్తించాలి కదా! ఆ అమ్మాయిని నేనెప్పుడైనా అడిగానా?

పులికాట్ బురదనీళ్ళలో రొయ్యల్ని చేత్తో తడిమి పట్టే ఆడవాళ్ళున్నారు. పిల్లలు పక్కన నడుస్తూ, చూస్తూ, చేస్తూ ఆ పని నేర్చుకుంటారు. తెలియనందుకు నలుగురిలో నిలబెట్టడం ఉండదు. ఈ బోధనకు మన సిలబస్‌లో చోటు లేదు. ఒకవేళ దొరికినా అది ప్రాజెక్టు అంశంగానే ఉంటుంది. చెప్పిన తల్లి ‘సమాచారమిచ్చిన వ్యక్తి’, రాసుకున్నవాళ్ళు డాక్టరేట్లు.

అలాగని ఆ అమ్మాయి ఎప్పుడూ రొయ్యల గురించే మాట్లాడాలని కాదు. ఆమె కెమిస్ట్రీ చదువుకోవచ్చు, తన కులం ఊసెత్తకుండా ఉండొచ్చు. ఆ స్వేచ్ఛ కూడా భద్రతే.

నెల్లూరులో 2008లో విశ్వవిద్యాలయం వచ్చింది. 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. చదువు దగ్గరకొచ్చింది, సంతోషం. ఆ పులికాట్ తల్లికి జీతమిచ్చి, కుర్చీ వేసి, పాఠం చెప్పమని మనం ఎప్పుడు పిలుస్తాం? ఆ రోజు వెనక బెంచీలో కూర్చుని నేర్చుకోవడానికి నేను సిద్ధమే.