ఆఖరి మాట ఎవరిది?

ప్రోగ్రామర్లకు రోజంతా కాపురం టెక్స్ట్ ఎడిటర్‌లోనే. రంగులు, బోర్డర్లు, ఫాంట్ల సోకులేవీ లేకుండా అక్షరాన్ని అక్షరంగా రాసి దాచుకునే చోటు అది. అందులో ఫైలు తెరిచి మొదటి మీట నొక్కేలోగా, మనకు కనపడకుండా ఒక చిన్న పంచాయితీ జరిగిపోతుంది. ట్యాబ్ మీట నొక్కితే ఫైల్లో ట్యాబే పడాలా, నాలుగు ఖాళీలు పడాలా? వరస ఎన్నో అక్షరం దగ్గర విరగాలి? సేవ్ చేసేటప్పుడు వరస చివరి ఖాళీలను ఊడ్చెయ్యాలా, ఉండనివ్వాలా? ఈ పంచాయితీలో ముగ్గురు పెద్దమనుషులు. నేనొకణ్ణి. నేను రాస్తున్న భాష, అంటే పైథానో సీయో, రెండోది. ఆ పని ఏ ప్రాజెక్టుదో ఆ ప్రాజెక్టు మూడోది. ముగ్గురిదీ ఒకే మాటైతే పేచీ లేదు. అలా కుదిరేది తక్కువ.

గౌతమి వంతెనకు ఇవతల, జొన్నాడలో ఇంట్లో కూర్చుని చేసే పని నాది. పొద్దున తెరిచేది ఒకరి ప్రాజెక్టు, మధ్యాహ్నం ఇంకొకరిది, రాత్రి సరదాకి నా సొంతది. పైథాన్ వాళ్లకు 2001 నాటి పెప్ 8 అనే రాత మర్యాద ఉంది: వరస లోపలికి జరిగే ఒక్కో మెట్టుకు నాలుగు ఖాళీలు. లైనక్స్ కెర్నల్ వాళ్లకు ట్యాబ్, అదీ ఎనిమిది అక్షరాల వెడల్పు. గో భాషలో అయితే వాదనకే చోటు లేదు, గోఫ్మ్‌ట్ అనే పనిముట్టు అన్నిటినీ ట్యాబుల్లోకి మార్చి పెట్టేస్తుంది. ఇక ప్రోగ్రాములు కట్టిపెట్టే మేక్ అనే పనిముట్టు చదివే మేక్‌ఫైల్ సంగతి మరీ విడ్డూరం. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ రాసినప్పుడు, ఆజ్ఞ ఉన్న వరస ట్యాబ్‌తోనే మొదలవ్వాలని పెట్టాడు. కొద్దిరోజులకే అది ఇబ్బంది అని తెలిసింది. కానీ అప్పటికే డజనుమంది దాకా వాడుతున్నారు, వాళ్ల ఫైళ్లు పాడవుతాయని వదిలేశాడు. ఆ డజనుమంది కోసం ఈనాటికీ ప్రపంచమంతా మేక్‌ఫైల్లో ట్యాబ్ కొడుతోంది. ప్రాజెక్టు మొత్తానికి ఖాళీలే అని రాసుకున్నా మేక్‌ఫైల్‌కు మాత్రం మినహాయింపు ఇవ్వాల్సిందే, లేకపోతే అది పనే చెయ్యదు.

ఆ ముగ్గురు పెద్దమనుషుల మాటలు ఏ వరసలో చెల్లుతాయన్నది మోడ్ మారినప్పుడు బయటపడుతుంది. మోడ్ అంటే ఎడిటర్ ఈ ఫైలును ఏ భాషగా చూస్తోంది అన్న సంగతి. పైథాన్ మోడ్‌లో ఉంటే పైథాన్ పద్ధతిలో రంగులు, మెట్లు, మీటలు. అదే ఫైలును ఇంకో మోడ్‌లోకి మారిస్తే ఆ సరంజామా అంతా మారాలి.

మొన్నామధ్య మా వీధి కుర్రాడొకడు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. బెంగళూరు కంపెనీకి ఇక్కణ్ణుంచే పని చేస్తున్నాడు.

"బాబాయ్, ప్రాజెక్టు సెట్టింగులు అస్సలు పట్టించుకోవట్లేదు. నిన్నటిదాకా బానే ఉంది."

"నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మార్చావ్?"

"ఏం లేదు బాబాయ్. కొత్త పైథాన్ మోడ్ బాగుందంటే అందులోకి మారానంతే."

"ఆయ్, అదే మరి."

వాడు వాడేది ఈమాక్స్ అనే ఎడిటర్, 29వ వెర్షన్. 2023లో వచ్చిన ఆ వెర్షన్‌లో ట్రీసిట్టర్ అనే కొత్త పద్ధతితో పనిచేసే మోడ్‌లు చేర్చారు. భాష పాతదే, మోడ్ పేరు కొత్తది. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉండే డిర్ లోకల్స్ ఫైల్లో సెట్టింగులన్నీ పాత మోడ్ పేరు కింద రాసి ఉన్నాయి. కొత్త మోడ్ వచ్చి తన పేరు వెతుక్కుంది, కనపడలేదు, తన దారిన తాను పోయింది. పాత మోడ్‌కూ కొత్త మోడ్‌కూ పైన ఉమ్మడి మూలం ఒకటుంది, పైథాన్ బేస్ మోడ్ అని. సెట్టింగులను ఆ పేరు కిందకు మార్చమన్నాను, కుదిరిపోయింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఈమాక్స్ 30లో ఈ తిప్పలు లేవు. కొత్త మోడ్‌లకు పాత మోడ్‌లను కూడా తల్లులుగా ప్రకటించారు, పాత పేరు మీద రాసిన సెట్టింగులు వాటికీ వర్తిస్తాయి.

ఈమాక్స్‌లో ఈ కథ ఇంకా పాతది. ఫోల్డర్‌కు ఒక సెట్టింగుల ఫైలు పెట్టుకునే సదుపాయం 2009లో ఈమాక్స్ 23తో వచ్చింది. ఫైలు తెరిచినప్పుడు ప్రాజెక్టు మాట చక్కగా వినేది. అయితే ఈమాక్స్‌లో మోడ్ మార్చడమంటే ముందు తుడిచెయ్యడం. ఆ ఫైలుకంటూ ప్రత్యేకంగా పెట్టుకున్న విలువలన్నిటినీ మొదట చెరిపేసి, కొత్త మోడ్ తనవి పెట్టుకుంటుంది. అలా తుడవకపోతే పాత మోడ్ మెట్ల లెక్క కొత్త మోడ్‌లోకి దూరి, ఏ విలువ ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలదు. కాబట్టి తుడవడంలో తప్పు లేదు. మోడ్ విలువలతోపాటు ప్రాజెక్టు చెప్పిన మాట కూడా తుడుచుకుపోవడమే ఇబ్బంది. ఫైలు తెరిచాక చేత్తో మోడ్ మారిస్తే ప్రాజెక్టు సెట్టింగులు మాయమయ్యేవి, ఫైలు మూసి మళ్లీ తెరవడం లాంటిదేదో చేస్తే తప్ప తిరిగి వచ్చేవి కావు.

2018 మేలో వచ్చిన ఈమాక్స్ 26.1 దీన్ని సరిదిద్దింది. అప్పటినుంచి మోడ్ మారిన ప్రతిసారీ ఫైలు సెట్టింగులనూ ఫోల్డర్ సెట్టింగులనూ మళ్లీ చదువుతుంది. వరస ఇది: ముందు తుడుపు, తర్వాత మోడ్ తన విలువలు, ఆ తర్వాత ఆ మోడ్‌కు నేను తగిలించుకున్న నా సొంత ఏర్పాట్లు, చివరికి ప్రాజెక్టు. అంటే ఆఖరి మాట ప్రాజెక్టుదే. ఇందులో ఒక మెలిక ఉంది. నా ఏర్పాట్లు నడిచే సమయానికి ప్రాజెక్టు విలువలు ఇంకా రాలేదు. "ఈ ప్రాజెక్టులో ట్యాబ్ వెడల్పు ఎంతైతే దాన్నిబట్టి ఫలానా పని చెయ్యి" అని అక్కడ రాసుకుంటే అది ప్రాజెక్టు మాట రాకముందు విలువనే చూస్తుంది. అలాంటివి ప్రాజెక్టు మాట విన్నాక నడిచే వేరే కొక్కేనికి తగిలించాలి, అది కూడా ఈమాక్స్‌లో ఉంది.

తుడుపులో పోనివీ కొన్ని ఉన్నాయి. తెలుగు టైపు చేస్తూ ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి పెట్టుకుంటే, మోడ్ మార్చినా అది అలాగే ఉంటుంది. ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో దాచాలన్నదీ అంతే. ఈ రెండింటికీ చెరగని గుర్తు వేసి పెట్టారు. ఎందుకంటే అవి మోడ్ సొత్తు కావు. రాసే మనిషి చేతి అలవాటు ఒకటి, ఫైలు పుట్టుక ఇంకొకటి. ఏది ఎవరిదో ఇంత తేటగా విడదీసిన చోటు సాఫ్ట్‌వేర్‌లో నాకు ఎక్కువగా తగల్లేదు.

ఒక్కో ఎడిటర్‌కు ఒక్కో ఫైలంటే ఉమ్మడి పనిలో చిక్కు. నేను ఈమాక్స్, ఇంకొకరు విమ్, మిగతావాళ్లంతా వీఎస్ కోడ్. ఆ చిక్కు తీర్చడానికే ఎడిటర్‌కాన్ఫిగ్ పుట్టింది. ట్రే హన్నర్, హాంగ్ షూ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో అందరి ఎడిటర్లూ చదివే ఒకే చిన్న ఫైలు ఉంటుంది. ఫైలు ఉన్న ఫోల్డర్‌తో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ పైకెక్కుతూ ఇలాంటివి ఎన్ని దొరికితే అన్నీ చదువుతుంది, రెండింటికి పేచీ వస్తే దగ్గరున్నదే చెల్లుతుంది. గోదావరి డెల్టా రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచి నీళ్లు పెద్ద కాలువలోంచి పిల్ల కాలువలోకి, అక్కణ్ణుంచి బోదెలోకి వస్తున్నాయి. ఎగువ లాకుల దగ్గర ఎంత వదిలినా చేనులోకి ఎంత రావాలో చెప్పేది గట్టు మీది తూమే. ఎడిటర్‌కాన్ఫిగ్‌లో "రూట్ ఈక్వల్ ట్రూ" అని ఒక్క వరస రాస్తే, ఇక ఎగువకు చూడొద్దని తూము దించేసినట్టే. 2023లో నియోవిమ్ 0.9లోకి, 2025లో ఈమాక్స్ 30లోకి ఇది ఎడిటర్‌తోపాటే వచ్చి చేరింది.

దగ్గరిదే చెల్లుతుందన్న సూత్రం అన్నిచోట్లా ఉంటుందనుకుంటే పొరపాటు. వీఎస్ కోడ్‌లో భాష పేరు పెట్టి రాసిన ఎడిటర్ సెట్టింగు, పేరు పెట్టకుండా రాసినదాన్ని ఎప్పుడూ కొట్టేస్తుంది, ఆ రెండోది ప్రాజెక్టులోనే రాసి ఉన్నా సరే. నా సొంత సెట్టింగుల్లో "పైథాన్‌కు రెండు ఖాళీలు" అని ఉండి, ప్రాజెక్టులో ఊరికే "నాలుగు ఖాళీలు" అని ఉంటే గెలిచేది నా రెండే. ప్రాజెక్టు గెలవాలంటే అది కూడా పైథాన్ పేరు పెట్టి చెప్పాలి. ఇక్కడ ఎంత దగ్గర అన్నదానికన్నా ఎంత విడమరిచి చెప్పారన్నదానికే విలువ. ఏ పద్ధతి మంచిదని నన్నడిగితే ఈమాక్స్ వరసకే నా ఓటు. కానీ ఏ ఎడిటర్ వాడినా దాని వరస తెలియకుండా సెట్టింగులు రాస్తే, అవి ఎందుకు పనిచేస్తున్నాయో ఎందుకు మానేశాయో రెండూ తెలియవు.

తెలుగువాళ్లకు ఇందులో సొంత పేచీ ఒకటుంది. "సాఫ్ట్‌వేర్" అన్న మాట చూడండి. ట పొల్లుకు వ ఒత్తుగా అంటుకోకుండా విడిగా నిలవాలంటే, మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం పెట్టాలి. 2021 నవంబరులో కేంబ్రిడ్జ్ పరిశోధకులు నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ ఒక ప్రమాదం చూపించారు. కనపడని యూనికోడ్ అక్షరాలతో, చదివే మనిషికి ఒకలా, కంపైలర్‌కు మరొకలా అనిపించే ప్రోగ్రాము రాయవచ్చని. ఆ నెల వెర్షన్‌లోనే వీఎస్ కోడ్ అలాంటి అక్షరాల చుట్టూ గడి గీసి హెచ్చరించడం మొదలుపెట్టింది. మామూలు టెక్స్ట్‌కూ మార్క్‌డౌన్‌కూ ఆ హెచ్చరిక ముందే ఆపి పెట్టారు. అదే తెలుగు వాక్యాన్ని యాప్ అనువాదాల కోసం జేసన్ ఫైల్లో పెడితే మాత్రం గడులు కనపడవచ్చు. తెలుగు రానివాడెవడో ఆ గడులు చూసి, ఇదేదో చెత్తనుకుని ఏరి పారేస్తే స్క్రీన్ మీద మాటలన్నీ ఒత్తులతో ముద్దయిపోతాయి. "ఈ ప్రాజెక్టులో ఈ అక్షరం ఉండొచ్చు" అని ప్రాజెక్టు సెట్టింగుల్లో ఒక్క వరస రాస్తే చాలు. ఆ వరస తెలుగు తెలిసినవాడే రాయాలి.

వరస పొడవు కూడా ఇలాంటిదే. 72 దగ్గరో 80 దగ్గరో గీత పెట్టడం ఇంగ్లిషు కొలత. మనం ఒక్క అక్షరంగా పలికే "స్త్రీ" యూనికోడ్‌లో ఆరు, యూటీఎఫ్ 8లో దాస్తే 18 బైట్లు. తెలుగు ఫైళ్లున్న ఫోల్డర్‌లో ఆ గీతను ప్రాజెక్టే ఎత్తెయ్యాలి. అలాగే వరస చివరి ఖాళీలను ఊడ్చే సెట్టింగు ప్రోగ్రాముకు మంచిదే, మార్క్‌డౌన్‌కు మాత్రం కుదరదు. అక్కడ చివరన రెండు ఖాళీలుంటే కొత్త వరస మొదలుపెట్టమని అర్థం.

ఇంతకీ ప్రాజెక్టు చెప్పిందల్లా వినాలా? 2019లో విమ్‌లో ఒక లోపం బయటపడింది. ఫైల్లోనే ఒక వరసలో సెట్టింగులు రాసుకునే మోడ్‌లైన్ సదుపాయం ద్వారా, ఊరికే ఫైలు తెరిచినంత మాత్రాన మన కంప్యూటర్లో ఎవరి ఆజ్ఞో నడిచే వీలుండేది. 8.1.1365 ప్యాచ్‌తో దాన్ని మూశారు. 2021లో వీఎస్ కోడ్, తెలియని ఫోల్డర్ తెరిస్తే దీని రాతగాళ్లను నమ్ముతారా అని అడగడం మొదలుపెట్టింది. ఈమాక్స్ ముందునుంచీ అడుగుతూనే ఉంది. హాని చెయ్యవని గుర్తున్న విలువలను ఊరికే ఒప్పుకుంటుంది, తక్కినవాటికి మన అనుమతి కావాలంటుంది. ఆ ప్రశ్నకు విసుక్కుని చదవకుండా సరే కొట్టేవాళ్లను చాలామందిని చూశాను. మెట్ల వెడల్పు అడిగితే ఇవ్వండి. ఏదైనా నడిపిస్తానంటే మాత్రం చదివాకే ఇవ్వండి.

లైనక్స్ కెర్నల్ రాత పద్ధతుల్లో, ఎడిటర్ సెట్టింగులను సోర్స్ ఫైళ్లలో పెట్టొద్దని ఒక నియమం ఉంది. ఎవరి ఎడిటర్ అమరిక వారిది, ఫైలు వచ్చి దాన్ని మార్చకూడదు అని వాళ్ల వాదన. సగం ఒప్పుకుంటాను. రంగులు, అక్షరాల సైజు, మీటల షార్ట్‌కట్లు, వరస నంబర్లు చూపించాలా వద్దా, ఇవన్నీ నా స్క్రీన్ దాటి పోవు. ప్రాజెక్టు వాటి జోలికి రాకూడదు. కానీ ట్యాబా ఖాళీయా, వరస ముగింపు ఏ రకం, ఎన్‌కోడింగ్ ఏది, చివరి ఖాళీలు ఉండాలా, ఇవి ఫైల్లో పడి, గిట్‌లో చేరి, రేపు ఇంకొకరి ముందు తేడాలుగా తేలతాయి. వాటి మీద నాకు ఓటుంటే అది ప్రాజెక్టు నిర్ణయం చేసేటప్పుడే. నిర్ణయం అయ్యాక నా ఎడిటర్ దాన్ని పాటించాలి, నేను మోడ్ ఎన్నిసార్లు మార్చినా సరే.

కుర్రాడు వెళ్తూ వెళ్తూ అడిగాడు: "అయితే బాబాయ్, మా టీములో ఒకాయన ప్రాజెక్టు ఫైల్లో తన థీమ్ కూడా పెట్టేశాడు. తీసెయ్యనా?"

తీసెయ్యమన్నాను. ఆ వరస తన సొంత సెట్టింగుల్లో పెట్టుకోమని ఆయనకు ఒక మాట కూడా రాయమన్నాను. ప్రాజెక్టు ఫైలు నాలుగైదు వరసలు దాటిందంటే, అందులో ఎవరిదో సొంత ఇష్టం దూరిందేమోనని ఒకసారి చూసుకోవడం మంచిది. చిన్నగా ఉన్నంతకాలం ఆ ఫైలు మాటను అందరూ వింటారు. పెరిగితే ఎవరికి వారు దాన్ని ఆపేసుకుంటారు, అప్పుడు ఆఖరి మాట ఎవరిదీ కాదు.