కుర్చీ ఒకటి, పనులు పది

పింఛన్ల రోజున శృంగవరపుకోట మండలంలో ఏ గ్రామ సచివాలయానికి వెళ్లినా డిజిటల్ అసిస్టెంటు కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఆ మనిషి ఫోను, వేలిముద్రల డివైజు, డబ్బు సంచి పట్టుకుని ఏదో వీధిలో తిరుగుతుంటారు. పొలం పనికి అరిగిపోయిన వేలు డివైజు మీద నొక్కి, "నా ఏలు పడ్నేదేటి బాబూ?" అంటుంది ముసలమ్మ. వేలు తుడిపించాలి, ఇంకో వేలు పెట్టించాలి, సిగ్నల్ కోసం అరుగు దిగి రోడ్డెక్కాలి.

ఈ ఉద్యోగానికి 2019 నోటిఫికేషన్ అడిగిన చదువులు బీటెక్, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ వగైరా. ఆ ఏడాది అక్టోబర్ 2న సచివాలయాలు మొదలయ్యాయి. జీతం రెండేళ్ల పాటు నెలకు 15,000. ఆ రెండేళ్లూ 2021 అక్టోబర్‌కే పూర్తయినా, పే స్కేలు అందేసరికి 2022 నడిమికొచ్చింది. 2024 జూలై నుంచి, అంతకుముందు వాలంటీర్లు చేసిన పింఛన్ల పంపిణీ కూడా సచివాలయ సిబ్బంది నెత్తినే పడింది. దరఖాస్తులు, సర్టిఫికెట్లు, ఈకేవైసీ, ఇంటింటి సర్వేలు సరేసరి. మొరాయించిన ప్రింటరును దారికి తేవడం ఏ జాబ్ చార్టులో ఉన్నా లేకున్నా, అందరూ చూసేది వీళ్ల వైపే.

ఇక్కడికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని విశాఖలో, చిన్న స్టార్టప్‌లో చేరిన కుర్రాళ్లదీ పైకి ఇదే కథ. పగలు కోడ్ రాయాలి, సాయంత్రం కస్టమరుతో మాట్లాడాలి, రాత్రి సర్వర్ పడిపోతే లేవాలి. అయితే ఇద్దరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. స్టార్టప్‌లో నాలుగు పనులు నేర్చినవాళ్లు రేపు ఇంకోచోట ఆ నాలుగింటికీ ధర అడగగలరు. సచివాలయంలో ఆరేళ్లు నలిగిన అనుభవానికి బయట బేరం పలకదు.

అలాగని అది తక్కువ జ్ఞానమా? ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, రేషన్ కార్డులో మరోలా ఉంటే దరఖాస్తు ఏ మెట్టు దగ్గర ఆగుతుందో యాప్ తయారుచేసినవాళ్ల కంటే వీళ్లకే బాగా తెలుసు. ఒకే పనికి అతుక్కోలేని, రకరకాల పనుల్లో వేలు పెట్టాలనుకునే స్వభావం ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి బడి దొరకదు. చిక్కల్లా, ఆ తెలివిని పైకి తీసుకెళ్లే నిచ్చెన సరిగా లేకపోవడమే. యాప్ మార్చేటప్పుడు వీళ్లను పిలిచి అడిగితే, పై పోస్టుకు ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటే పది పనులూ ఇష్టంగానే చేస్తారు. అడగకుండా పదకొండోది తగిలిస్తే మాత్రం దాన్ని దోపిడీ అనడానికి మొహమాటం అక్కర్లేదు.

ప్రభుత్వమేమో 2025 జనవరిలో జనాభాను బట్టి సచివాలయానికి ఆరుగురి నుంచి ఎనిమిది మంది వరకు ఉండేలా సిబ్బందిని సర్దింది. కొందరిని సాంకేతిక పనులకు, కొందరిని బహుళ ప్రయోజన ఉద్యోగులుగా విడదీసింది. అదే ఏడాది ఉద్యోగ సంఘాలు పెట్టిన ప్రధాన డిమాండ్లు వేరు: ఇంటింటి సర్వేల నుంచి తప్పించాలని, నోషనల్ ఇంక్రిమెంట్లు ఇవ్వాలని, పదోన్నతులకు దారి చూపాలని.