విదేశీ కోడలు – తెలుగుతనపు పరీక్ష

విదేశాలకు పోయి, అక్కడి స్త్రీని పెండ్లాడి, ఆమెతో స్వదేశానికి తిరిగి వచ్చిన యువకుని కథ మన సాహిత్యంలో అరుదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టర్ పార్వతీశం (మొదటి భాగం 1924) ఎడింబరో దాకా వెళ్లివచ్చినా ఇల్లాలిని మాత్రం స్వదేశంలోనే వెదుక్కున్నాడు. ఆ కథను సూటిగా చేపట్టినది సినిమా. 1976లో సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వాన వచ్చిన "అమెరికా అమ్మాయి", తమిళ "మేల్నాట్టు మరుమగళ్" (1975)కు తెలుగు రూపం.

ముందు దాని మంచిని ఒప్పుకోవాలి. తెల్లపిల్ల తెరమీదకు వస్తే నవ్వుకో, మోజుకో అయిన కాలంలో ఆమెను గౌరవనీయురాలైన కోడలిగా నిలబెట్టిన చిత్రమిది. ఆ పాత్ర ధరించిన దేవయాని ఫ్రెంచి నర్తకి. మన నాట్యం నేర్చి, 2009లో పద్మశ్రీ అందుకొన్న కళాకారిణి. (ఫ్రెంచి వనిత అమెరికా అమ్మాయిగా చెల్లిపోయింది. మనకు తెల్లవాళ్లందరూ ఒకటే కాబోలు!) తెలుగు పాట గొప్పతనాన్ని గూర్చి కృష్ణశాస్త్రిగారు రాసిన పాటను ఈ కోడలి నోట పలికించారు. గొంతు సుశీలగారిది. ఇక పరీక్షలో తప్పే ప్రసక్తి ఎక్కడ?

పరీక్ష అని ఊరికే అనలేదు. మా తరగతిలో ఈ పాటను చర్చిస్తున్నప్పుడు తుగ్గలి నుంచి వచ్చే విద్యార్థి ఒకడు లేచి, "సార్, ఆమె మా వూరి కోడలయితే ఏ తెలుగులో పాడల్ల?" అన్నాడు. తరగతి నవ్వింది గాని, ఈ చిత్రం మీద నేను విన్న విమర్శలో అంతకంటె పదునైనది లేదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో నడుము వంచి వజ్రాలు వెదికే జనం, వేరుసెనగ చేలో కలుపు తీసే ఆడకూలీలు, వాన మొగం చాటేస్తే ఇంటికి తాళం వేసి గుంటూరు మిరపకోతలకు "సుగ్గి"కి పోయే కుటుంబాలు – వీరిది తెలుగుతనం కాదా? చిత్రంలోని తెలుగుతనం తీరికగల ఒక తరగతి ఇంటిలోనిది. అక్కడ పట్టుచీర వుంది, సంగీతం వుంది, పూజ వుంది, పనిపాటులు మాత్రం లేవు. ఆ పరీక్షకు పడమటి కర్నూలు పల్లెపడుచు కూర్చున్నా తప్పుతుంది.

ఇంతకూ ఆ ప్రశ్నపత్రం విదేశీయురాలి కోసం తయారయినది కాదు. ఆమెకు ఎదురుగా పాశ్చాత్యపు పోకడలు మరిగిన తెలుగుపిల్లను నిలబెట్టటంలోనే గుట్టంతా వున్నది. "చూడు, పరాయిదేశపు పిల్ల ఎంత అణకువగా వున్నదో!" అన్న మందలింపు చదువుకొన్న తెలుగు ఆడపిల్లకే. పరాయి కోడలి భుజాన తుపాకి పెట్టి సొంత కూతురిని కాల్చటమన్నమాట. దేశం విడిచి వెళ్లినవాడూ, తిరిగి వచ్చినవాడూ అయిన భర్తను మాత్రం ఎవరూ ఏ పరీక్షా అడగరు. భారత పౌరుణ్ణి పెండ్లాడిన విదేశీయురాలు పౌరసత్వానికి దరఖాస్తు చేయాలంటే మన చట్టం ఏడేండ్ల నివాసం చాలునంటున్నది. అత్తగారిల్లు జన్మంతా అడుగుతుంది.

ఇట్లాగాక మరొక విధంగా జరిగిన చరిత్ర మనకున్నది. డెర్బీలో పుట్టిన ఫ్రీడా, ఆక్స్‌ఫర్డులో తోటి విద్యార్థి బి. పి. ఎల్. బేడీని 1933లో పెండ్లాడి, మరుసటేడు లాహోరు వచ్చింది. ఆమె కూడ దేశీయ వస్త్రాలే కట్టింది. అయితే చీరతో ఆమె కథ ముగియలేదు. పాఠాలు చెప్పింది, పత్రికలకు రాసింది, భర్తతోపాటు వామపక్ష రాజకీయాల్లో నడిచింది, 1941లో సత్యాగ్రహం చేసి తన పుట్టినదేశపు ప్రభుత్వం చేతనే జైలుకు పోయింది. తరువాత ఆమె బౌద్ధ సన్యాసిని కావటం వేరే కథ. ఆమె కోడలయినది ఒక్క ఇంటికి కాదు. అత్తగారి మెప్పు ఆమెకు దొరికిందా లేదా అన్నది ఆ జీవితంలో చిన్న విషయం. మన చిత్రంలో అదే సర్వస్వం.

"అమెరికా అమ్మాయి" ఒక్కసారి గడప దాటి వుంటే, సుగ్గికి మూట కట్టుకొన్న ఆడకూలీ ఆమెను నిలేసి, "ఏమ్మా, మీ దేశంలో కూలి ఎంత?" అని అడిగేది. ఆ ప్రశ్నకు ఆమె జవాబు చెప్పుకోవలసి వచ్చేది, పక్కనున్న భర్త కూడ.