ఈ పిక్క ఏ నేలది?

పలాస-కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీల ముందు బస్తాలు దించుతుంటే నాకు ముందు వచ్చే అనుమానం ఇదే: ఇవి ఇక్కడి ఉద్దానం తోటల పిక్కలా, ఆఫ్రికా నుంచి ఓడెక్కి వచ్చినవా? చెయ్యి తిరిగిన వ్యాపారి గుప్పెడు పిక్కలు అరచేతిలో పోసుకుని రంగూ బరువూ చూస్తాడు, ఒకటి కోసి లోపల పప్పు నిండుగా ఉందా అని చూస్తాడు, చెప్పేస్తాడు. ఆ చూపంటే నాకు చాలా గౌరవం. కానీ ఆవిరి పట్టి, కోసి, ఆరబెట్టి, పొట్టు తీసి డబ్బాలో పెట్టాక ఆ చూపుకీ ఏదీ ఆనదు. డబ్ల్యూ320 అంటే పౌనుకు 300 నుంచి 320 నిండు పప్పులు తూగుతాయని. అవి ఎక్కడ కాశాయో అందులో ఉండదు.

పైన్ చెట్ల విషయంలో ఇలాంటి చిక్కునే రసాయన శాస్త్రం విప్పింది. కాలిఫోర్నియా కొండల్లో పాండెరోసా, జెఫ్రీ అనే పైన్లు పైకి ఒక్కలాగే కనిపిస్తాయి. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో అక్కడ టర్పెంటైన్ కాచేవాళ్ల బట్టీలు ఉన్నట్టుండి పేలిపోయేవి. పాండెరోసా బంక నూనెలో ఉండేవి టర్పీన్లు. జెఫ్రీ నూనె దాదాపు అంతా హెప్టేన్, ఇట్టే భగ్గుమంటుంది; తేడా తెలియక దాన్ని కాచినప్పుడే ఆ పేలుళ్లు. పాండెరోసాలో కూడా కేరీన్, పైనీన్ల పాళ్లు ప్రాంతాన్ని బట్టి మారతాయి. అవి చాలావరకు పుట్టుకతో వచ్చేవే కాబట్టి, చెట్టు ఏ ప్రాంతపు సంతతికి చెందిందో పోల్చుకోవచ్చు. చెట్లలోని రసాయనాలను వేరుచేసి చూసే విద్య మనకు కొత్త కాదు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1949 దాకా పనిచేసి ఢిల్లీ వెళ్లిన రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి, అక్కడ సహచరుడితో కలిసి దేవదారు బెరడు నుంచి డియోడారిన్ అనే పదార్థాన్ని వేరుచేసి 1965లో ప్రకటించారు.

జీడిమామిడి ఇంకా కష్టం. పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి మనకీ ఆఫ్రికాకీ తెచ్చింది ఒకే జాతి. చేతులు కాల్చే పెంకు జీడిలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఏ దేశపు పిక్కలోనైనా ఉంటాయి. అందుకని నీటినీ నేలనీ అడగాలి: పప్పులోని ఆక్సిజన్ ఐసోటోపుల్లో ఆ చోటి వాన జాడ, స్ట్రాన్షియంలో ఆ చోటి మట్టి జాడ మిగులుతాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని పడగొట్టింది. మళ్లీ నాటి, సాకి, కాపుకు తెచ్చుకున్న రైతు ఇప్పుడు 80 కిలోల బస్తాకు గిట్టుబాటు ధర అడుగుతున్నాడు. పలాస పేరుతో అమ్ముడుపోయే పప్పులో తన పంట ఎంతుందో తేల్చే ఆధారం అతని చేతికి రావాలి. అందుకు ముందు వజ్రపుకొత్తూరు, మందస, కవిటి, సోంపేట తోటల నమూనాలు సేకరించి పెట్టుకోవాలి, పోల్చడానికి. వానలు ఏటా ఒకలా ఉండవు గనుక ఒక్క ఏడాదివి చాలవు. అవి చెట్టు కింద ఏరినవే అయుండాలి. పిక్కలు రాలేది ఎక్కువగా మార్చి నుంచి మే దాకానే, సేకరణ కూడా అప్పుడే జరగాలి.